మస్టర్ రాసిన చేత్తోనే

నల్గొండ,
ఆదివారం

అల్లుడా,

మొన్న రాత్రి ఫోన్‌లో మీ కంపెనీలో కాంట్రాక్టరు ఆపిన జీతం, తక్కువ ఇస్తున్న ఓటీ (అదనపు గంటల పని) పైసలు, పీఎఫ్ (భవిష్య నిధి) గురించి నువ్వు అడిగినవాటికి సగమే జవాబు చెప్పాను. లెక్కలు ఫోన్‌లో చెబితే ఈ చెవిన పడి ఆ చెవిలోంచి పోతాయి. పైగా నువ్వు స్పీకర్ పెట్టావని, రూములో మిగతా ముగ్గురూ వింటున్నారని నాకు తర్వాత అర్థమైంది. వాళ్లలో ఒకడు "ఇవన్నీ అయ్యే పనులేనా మామా" అన్నాడు. ఇది చదివాక అవుతాయో కావో వాడినే చెప్పమను.

రేపే నలుగురూ కలిసి మహబూబ్‌నగర్ లేబర్ ఆఫీసుకు పోతామన్నారు. పొండి, వద్దనను. కానీ రేపు కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే నా సంగతి కొంత చెప్పాలి.

"మా తమ్ముడు ఇరవై మూడేళ్లు మిల్లులో టైమ్ ఆఫీసు చూశాడు" అని మీ అమ్మ అందరికీ గొప్పగా చెబుతుంది. ఆ టైమ్ ఆఫీసులో రెండు మస్టర్లు, అంటే హాజరు పుస్తకాలు, ఉండేవి. ఒకటి అసలుది. ఎవరు ఏ షిఫ్టుకు వచ్చారు, ఎన్ని గంటలు ఆగారు అనేది అందులో ఉండేది. దాన్ని చూసే పైసలు ఇచ్చేవాళ్లం. రెండోది ఇన్‌స్పెక్టర్ వస్తే ముందు పెట్టేది. అందులో ఒక్కరు కూడా ఎనిమిది గంటలు దాటి పనిచేసేవారు కాదు. వారం తప్పకుండా అందరికీ సెలవే. రెండింట్లోనూ చేతిరాత నాదే.

ఒకసారి దూది ఏకే కార్డింగ్ మిషన్‌లో ఒక పిల్లవాడి చెయ్యి పడింది. ఏడు నెలలుగా పనికి వస్తున్నాడు, చూపించే మస్టర్‌లో మాత్రం అతని పేరు లేదు. ఆ మధ్యాహ్నమే మేనేజర్ నా టేబుల్ దగ్గర నిలబడి, ఈ రోజే చేరినట్టు రాయమన్నాడు. రాశాను. కార్మికుల ఆరోగ్య బీమా ఈఎస్ఐకి పేరు కూడా అప్పుడే పంపారు. దవాఖాన ఖర్చు వరకు గడిచింది. ఆ తర్వాత అతను ఏడు నెలల పీఎఫ్ గురించి, ఓటీ గురించి అడగడానికి వస్తే, మా పుస్తకంలో అతని సర్వీసు ఒక్క రోజు. అతని దగ్గర ఏడు నెలలకు కలిపి ఒక చీటీ ముక్క కూడా లేదు. ఒక్కటి ఉన్నా నా రాత నిలిచేది కాదని అతనికంటే నాకే బాగా తెలుసు.

అందుకే అంటున్నా, ఒక్క నెల ఆగండి. ఆ నెలంతా మీ మస్టర్ మీరు రాసుకోండి. తలా ఒక చిన్న డైరీ కొనండి. తేదీ, షిఫ్టు, లోపలికి పోయిన టైము, బయటికి వచ్చిన టైము, ఏ బ్లాకులో ఏం పని, ఎవరు ఆగమన్నారు. ఇంతే. మీ కంపెనీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు కాబట్టి రూముకు రాగానే, అన్నం తినకముందే రాయండి. ఆదివారం కూర్చుని వారం మొత్తం ఒకేసారి రాస్తే పనికిరాదు. ఒకే పెన్నుతో, ఒకే తీరుగా రాసిన వారం రోజులను చూడగానే పట్టేస్తారు. నేనూ అలా రాసినవాణ్నే కదా.

డైరీ ఒక్కటే చాలదు. ఐడీ కార్డు రెండు వైపులా ఫొటో తీసుకోండి, వెనకవైపు కాంట్రాక్టరు పేరు ఉంటుంది. సూపర్‌వైజర్ "ఈ రోజు డబుల్ డ్యూటీ" అని వాట్సాప్ గ్రూపులో పెట్టే మెసేజ్‌లను స్క్రీన్‌షాట్ తీసి, ఫోన్ పోయినా దొరికేలా ఇంకోచోట కూడా దాచండి. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. పే స్లిప్పు ఇవ్వడం లేదన్నావు. అది ఇవ్వాల్సిందే, నియామక పత్రమూ ఇవ్వాల్సిందే. అడిగేటప్పుడు నోటితో కాకుండా మెసేజ్‌లో అడగండి. ఇవ్వకపోయినా మీరు అడిగినట్టు ఉంటుంది.

నెల ఆగితే ఏమైనా పోతుందా అంటే, పోదు. ఇంతకుముందు కనీస వేతనం తేడా అడగడానికి ఆరు నెలలు, రావాల్సిన జీతం అడగడానికి ఏడాది గడువు ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టమైన వేతనాల కోడ్‌లో దాన్ని మూడేళ్లు చేశారు. జీతం ముట్టలేదని కార్మికుడు అంటే, ఇచ్చామని నిరూపించుకునే భారం కూడా యజమానిదే. కానీ నువ్వు అక్కడ పనిచేశావని ముందు తేలాలి కదా. డైరీ అవసరం అక్కడే.

ఇప్పుడు ఓటీ లెక్క. బేసిక్, కరువు భత్యం డీఏ కలిపి 13,000 అన్నావు. 26తో భాగిస్తే రోజుకు 500. ఎనిమిదితో భాగిస్తే గంటకు 62 రూపాయల 50 పైసలు. ఓటీకి రెట్టింపు ఇవ్వాలి, అంటే గంటకు 125. నాలుగు గంటలకు 500 రావాలి. మీకు ఇస్తున్నది 250. పోయిన నెల పది రోజులు ఆగామన్నారు. తలా 2,500 తక్కువ, నలుగురికీ కలిపి 10,000. ఒక్క నెలకే ఇంత. "సింగిల్ ఓటీ" అనే మాట చట్టంలో ఎక్కడా లేదు, అది టైమ్ ఆఫీసుల్లో పుట్టిన మాట. రెట్టింపు అనేది 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉంది, కొత్త కోడ్‌లూ మార్చలేదు. ఇంకొకటి, ఓటీ చేయించాలంటే నీ ఒప్పుకోలు ఉండాలి. బస్సు ఆపేసి ఆగమనడం ఒప్పుకోలు కాదు.

మీలో డిగ్రీ చదివి మిషన్ నడిపే అతణ్ని కాగితం మీద ఏమని రాశారో కూడా చూడండి. నూటికి తొంభై పాళ్లు "హెల్పర్" అనే ఉంటుంది. మన రాష్ట్రంలో కనీస వేతనం అన్‌స్కిల్డ్, సెమీ స్కిల్డ్, స్కిల్డ్ అని వేరువేరుగా ఉంటుంది. అందులో డీఏ ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది. మిషన్ మీద నిలబెట్టి హెల్పర్ రేటు ఇస్తే కోత అక్కడే మొదలైనట్టు.

మొదటి నెల జీతం "డిపాజిట్" అని ఆపారన్నావు చూడు, అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మీ నాన్నవాళ్ల నాన్న పాలమూరు లేబర్‌తో డ్యాముల పనికి పోయినవాడే. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుంటే అది తీరేదాకా కదలడానికి లేదు. ఎప్పుడు తీరుతుందో మేస్త్రీ పుస్తకానికే తెలుసు. 1976లో వెట్టిని రద్దు చేస్తూ చట్టం వచ్చాక కూడా ఆ పద్ధతి వెంటనే పోలేదు. అప్పుడు మేస్త్రీ తన పైసలు ఇచ్చి మనిషిని కట్టేసేవాడు. ఇప్పుడు మీ కాంట్రాక్టరు మీ పైసలే పట్టుకుని మిమ్మల్ని కట్టేశాడు. పైసా ఖర్చు లేకుండా! నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు చేతికి రావాలి. పనిలోంచి తీసేసినా, నువ్వే రాజీనామా చేసినా, రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. డిపాజిట్ అన్న మాటకు ఇందులో చోటే లేదు. పదో తరగతి మెమో ఒరిజినల్ కూడా వాళ్ల దగ్గరే ఉందన్నావు. జిరాక్సు ఇచ్చి అది వెనక్కి తెచ్చుకో, ముందు ఆ పని చెయ్యి.

పీఎఫ్ సంగతి. "పోతోంది మామా" అన్నావు. జీతంలోంచి పోతోంది సరే, ఖాతాలో పడుతోందా? ఉమాంగ్ యాప్‌లో నీ పీఎఫ్ నంబరు యూఏఎన్ కొట్టి పాస్‌బుక్ చూడు. నీ 13,000 మీద 12 శాతం, అంటే 1,560 నీది. కంపెనీ వైపు నుంచీ అంతే రావాలి. అందులో 8.33 శాతం పెన్షన్‌కు పోతుంది, 3.67 శాతం నీ పీఎఫ్‌లో చేరుతుంది. కొందరు కాంట్రాక్టర్లు రెండు వాటాలూ కార్మికుడి జీతంలోంచే కోస్తారు. అది నేరం. స్లిప్పు చేతికి వచ్చాక అందులో 3,120 కోత కనిపిస్తే వదలకండి. పదకొండు నెలలకోసారి కాంట్రాక్టరు పేరు మారుస్తున్నారు కదా, మారినప్పుడల్లా కొత్త యూఏఎన్ తీయనివ్వొద్దు, పాతదే ఇవ్వండి. ప్రతి నెలా 27న పీఎఫ్ ఆఫీసువాళ్లు జిల్లాల్లో "నిధి ఆప్ కే నికట్" అని శిబిరం పెడతారు. ఆధార్, పాస్‌బుక్ పట్టుకుని అక్కడికి పోతే ముఖాముఖి అడగొచ్చు.

ఈఎస్ఐకి నీ నుంచి 0.75 శాతం, కంపెనీ నుంచి 3.25 శాతం. జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకే. కార్డు తెచ్చుకుని, అందులో అమ్మానాన్నల పేర్లు చేర్పించు. మీరు సాల్వెంట్ రసాయనాల మధ్య పనిచేసేవాళ్లు. ఏదైనా మీద పడితే, కాంట్రాక్టరు తన బండిలో ప్రైవేటు క్లినిక్‌కు తీసుకుపోయి కట్టు కట్టించి ఇంటికి పంపితే సంతోషపడకండి. ప్రమాదం పుస్తకంలో రాయించుకోండి, టైముతో సహా. నేను రాసినట్టు ఇంకొకరు రాయకముందే.

బోనస్ ఏడాది జీతంలో 8.33 శాతానికి తగ్గకూడదు. పని వదిలేటప్పుడు సర్వీసుకు ఇచ్చే గ్రాట్యుటీ అయిదేళ్లకు, ఫిక్స్‌డ్ టర్మ్ అని రాసి తీసుకుంటే ఇప్పుడు ఏడాదికే. వీటి గురించి దసరాకు వచ్చినప్పుడు మాట్లాడుకుందాం, తొందరేం లేదు.

నెల అయ్యాక ఏం చేయాలంటే, ముందు నలుగురూ సంతకాలు పెట్టి కాంట్రాక్టరుకు ఒక ఉత్తరం రాయండి, కంపెనీ హెచ్ఆర్‌కు ఇంకో కాపీ. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే ఇచ్చి, తర్వాత అతని దగ్గర వసూలు చేసుకోవాలని 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం చెప్పింది, ఇప్పటి కోడ్‌లోనూ అదే ఉంది. కాబట్టి "మాకు సంబంధం లేదు, కాంట్రాక్టరును అడగండి" అని హెచ్ఆర్ అంటే నోరు మూసుకుని రావాల్సిన పని లేదు. పదిహేను రోజులు చూసి లేబర్ ఆఫీసుకు పొండి. ఫిర్యాదు రెండు కాపీలు తీసుకుపోయి, మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకునే గుమ్మం దిగండి. అక్కడ పిలిచి రాజీ మాట్లాడిస్తారు. లెక్క పూర్తిగా రాకుండా "ఇక ఏమీ రావాల్సింది లేదు" అన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. వకీలు కావాల్సి వస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఫ్యాక్టరీ కార్మికులకు ఉచితంగానే పెడుతుంది, 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

ఈలోపు రెండు పనులు మాత్రం చేయకండి. తెల్ల కాగితం మీద సంతకం ఒకటి. చేరిన రోజు నేనే ఎంతమంది దగ్గర తీసుకున్నానో లెక్క లేదు. అవసరం పడ్డ రోజు దాని మీద రాజీనామా టైపు చేసేవాళ్లం. రెండోది, కోపం వచ్చి డ్యూటీకి పోవడం మానేయడం. మూడు రోజులు రాకపోతే "తనంతట తనే మానేశాడు" అని రాయడం టైమ్ ఆఫీసులో అన్నిటికంటే తేలిక పని. పొమ్మంటే కాగితం మీద పొమ్మనమను. సూపర్‌వైజర్‌తో గొడవ కూడా వద్దు, అతనికీ ఇదే కాంట్రాక్టరు జీతం ఇస్తాడు.

మీ అమ్మకు ఇదంతా చెప్పి టెన్షన్ పెట్టకు, నేనే మెల్లగా చెబుతా. వచ్చే నెల జీతం పడ్డాక వచ్చే ఆదివారం నలుగురూ డైరీలు పట్టుకుని నల్గొండ రండి. మీ అత్త జొన్నరొట్టెలు చేస్తుంది. ఉత్తరం నేనే రాసిపెడతా, మీరు సంతకాలు పెడితే చాలు. కింద నా పేరు కూడా పెడదామా అని ఆలోచిస్తున్నా, రెండు మస్టర్లు ఎలా రాస్తారో తెలిసినవాడిగా.

మీ మామ