బీపీ నార్మల్‌కి వచ్చింది కదా, మాత్ర ఆపేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 48. రెండేళ్లుగా బీపీకి ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. వాడుతున్నాను. ఆరు నెలలుగా రోజూ నడుస్తున్నాను, ఉప్పు తగ్గించాను. 6 కిలోలు తగ్గాను. బీపీ 124/78కి వచ్చిందని పది రోజుల కిందట మాత్ర మానేశాను. మొదటి రెండు మూడు రోజులు బాగానే ఉంది. ఇప్పుడు 146/92 చూపిస్తోంది. తలనొప్పి, కళ్లు తిరగడం లాంటివేమీ లేవు. ఇక జీవితాంతం వాడాల్సిందేనా?

జవాబు: 6 కిలోలు తగ్గడం మామూలు విషయం కాదు. మాత్ర రాసిస్తే కాదనకుండా వేసుకునేవాళ్లు కూడా, నడవమంటే మాత్రం వెంటనే మోకాళ్ల నొప్పులు గుర్తుచేస్తారు. మీరు కష్టమైన పని చేసి, తేలికైన దాని దగ్గర తొందరపడ్డారు.

124/78 అనేది మీరు మాత్ర వేసుకుంటూ ఉన్నప్పుడు వచ్చిన అంకె. అందులో నడక వల్ల తగ్గిందెంత, మందు వల్ల తగ్గిందెంత అన్నది దాన్ని చూసి తేల్చలేం. పైగా ఆమ్లోడిపిన్ ఒంట్లోంచి నిదానంగా పోతుంది. సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. మానేసిన కొత్తలో బీపీ బాగున్నట్టు కనిపించింది అందుకే. తలనొప్పి లేదన్న ధీమా కూడా వద్దు. బీపీ పెరిగినా చాలామందికి ఏమీ తెలియదు, లోపల గుండె, కిడ్నీలు, మెదడులోని రక్తనాళాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి.

మీ డాక్టర్‌కి ఫోన్ చేసి, మానేసిన సంగతి దాచకుండా చెప్పండి. బహుశా అదే డోసు మళ్లీ మొదలుపెట్టమంటారు. ఆ తర్వాత ఒక వారం పాటు ఉదయం, సాయంత్రం ఇంట్లో బీపీ చూసి రాసుకోండి. అర గంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతా వాటి సగటు తీయండి. ఇంట్లో ఆ సగటు 135/85 దాటితే ఎక్కువ ఉన్నట్టే.

రెండు విషయాలు మీరు రాయలేదు. ఒళ్లు నొప్పులకని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి తరచూ వేసుకుంటున్నారా? అవి బీపీని పెంచుతాయి. రాత్రి గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందని ఇంట్లోవాళ్లు అంటున్నారా? అలాగైతే స్లీప్ ఆప్నియా పరీక్ష అవసరం. ఇది పట్టించుకోకుండా ఎన్ని మాత్రలు మార్చినా బీపీ ఒక పట్టాన లొంగదు.

జీవితాంతమా అంటే, ఇప్పుడే చెప్పలేను. మీలా బరువు తగ్గి, ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు ఉంచుకుని, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిచేవారిలో కొందరికి డోసు తగ్గుతుంది, కొద్దిమందికి పూర్తిగా ఆగుతుంది. కొన్ని నెలలు బీపీ నిలకడగా ఉంటే డాక్టరే 2.5 మి.గ్రా.కి తగ్గించి చూడొచ్చు. తగ్గించాక మళ్లీ పెరిగితే మీ ప్రయత్నంలో లోపం ఉందనుకోకండి, వంశపారంపర్యం, వయసు కూడా పనిచేస్తాయి. పాదాల వాపు వల్ల మానాలనిపించి ఉంటే అదీ చెప్పండి, ఈ మందుతో అది మామూలే, వేరేది ఇస్తారు. కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలిపే క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు ఏడాదిగా చేయించకపోతే ఈసారి చేయించండి.

ఈలోగా ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి లేదా కాలు బలహీనపడటం కనిపిస్తే బీపీ మెషీన్ కోసం వెతుకుతూ కూర్చోకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.