కారు కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. కారు విలాసమని బావగారు, అవసరమని కోడలు పట్టుబడుతున్నారని, తేల్చి చెప్పమని నన్ను అడిగావు. ముందు గడిచిన మూడు నెలల క్యాలెండరు దగ్గర పెట్టుకుని, బస్సూ స్కూటరూ ఆటో ఏవీ అక్కరకు రాని రోజులు ఎన్నో లెక్క పెట్టు. బైరాగిపట్టెడలోని మీ ఇంటి నుంచి ఆఫీసుకు నీకు స్కూటరు చాలు. తిరుమల కొండకు వెళ్లడానికి కారు కావాలన్న మాటను నేను ఒప్పుకోను. 1974లో రెండో ఘాట్ రోడ్డు వేసిన తర్వాత ఎక్కడానికి ఒక దారి, దిగడానికి ఒక దారి ఏర్పడ్డాయి, ఆర్టీసీ బస్సులు తరచుగా తిరుగుతున్నాయి, ఆ మలుపులు రోజూ తిప్పే డ్రైవరు చేతిలో ఉండడమే మనకు క్షేమం.

అయితే పాకాల నుంచి బావగారిని నెలనెలా వేలూరు సీఎంసీ ఆసుపత్రికి తీసుకువెళ్లడం వేరే సంగతి. మోకాళ్లు వంగని మనిషి చిత్తూరులో బస్సు మారడానికి మెట్లు దిగి మళ్లీ ఎక్కడం నేను కళ్లారా చూశాను. కమ్మీ పట్టుకున్న ఆ చేయి వణుకుతూనే ఉంది. అందుకే మీ ఇంటికి కారు అవసరమనే అంటాను. కాకపోతే ఆ అవసరం నెలకు మూడు నాలుగు రోజులది, కాబట్టి పెట్టే డబ్బు కూడా ఆ మేరకే ఉండాలి.

ఇందులో నేను చేసిన తప్పు నీకు తెలియాలి. రిటైరయిన డబ్బుతో కొత్త కారు కొని, గీతలు పడతాయన్న భయంతో గుడ్డ కప్పి వేపచెట్టు కింద నిలిపాను. ఒక అర్ధరాత్రి మీ అత్తకు ఆయాసం వచ్చి తాళం తిప్పితే ఇంజను కదలలేదు. బ్యాటరీ చచ్చిపోయింది, బానెట్ ఎత్తితే ఎలుకలు కొరికిన వైర్లు, వాటి మధ్య పీచు పోగేసి కట్టుకున్న గూడు కనిపించాయి. ఆ రాత్రి పక్కింటి పాల వ్యాను మమ్మల్ని రుయా ఆసుపత్రికి చేర్చింది. ఆపదకని కొన్న కారును వారానికి ఒకసారైనా పది పదిహేను కిలోమీటర్లు నడపకపోతే అది ఆపదలో ఆదుకోదు.

ఇక అప్పు విషయం. 6 లక్షలు 9 శాతం వడ్డీకి 7 ఏళ్ల గడువుతో తీసుకుంటే నెలకు సుమారు 9,650 రూపాయల కిస్తీ పడుతుంది, మొత్తం మీద వడ్డీయే 2 లక్షల 10 వేలవుతుంది. నీ జీతంలో పిల్ల చదువు, ఇంటి అద్దె పోగా అంత మిగలదని నాకు తెలుసు. నాలుగైదేళ్లు నడిచిన చిన్న కారును చేతిలో ఉన్న డబ్బుతోనే కొను. బండి రిజిస్ట్రేషన్ కాగితం, అంటే ఆర్‌సీలో అప్పిచ్చిన బ్యాంకు పేరు ఉంటే, అమ్మేవాడి అప్పు తీరినట్లు బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఆర్‌సీలో ఆ పేరు తీయించడానికి కావలసిన ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి సొమ్ము ఇవ్వవద్దు. కొన్న వెంటనే ఆర్‌సీతో పాటు ఇన్సూరెన్సు కూడా నీ పేరుకు మార్పించుకో. థర్డ్ పార్టీ పాలసీ ఎదుటివారి నష్టానికే గాని మన బండి మరమ్మతుకు పైసా ఇవ్వదు. ఈ మాట అమ్మేవాళ్లు గట్టిగా చెప్పరు.

నువ్వు చూసి ఉంచానన్న కారును నమ్మకమైన మెకానిక్కు చూపించు, బేరం ఖాయం చేసే ముందు బావగారిని దాంట్లో ఒకసారి కూర్చోబెట్టి, ఎవరి సాయం లేకుండా దిగమను. సీటు మరీ కిందికి ఉండి ఆయన లేవలేకపోతే, ధర ఎంత తగ్గించినా ఆ బండిని వదిలెయ్, నాయనా.

ఇట్లు,
మామయ్య
తిరుపతి