15 ఏళ్లు నిండేదాకా ఆగు అల్లుడూ

చిరంజీవి మేనల్లునికి మామ ఆశీస్సులు.

నువ్వు ఆర్మీ వదిలేసి బెంగళూరు కంపెనీలో చేరతానన్నావని నిన్న అక్క ఫోన్ చేసి ఏడ్చింది. నాకైతే ముందు గర్వమే కలిగింది. పోయిన సెలవులో మన ట్రాక్టర్ ఇంజన్ మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, రెండో ఇంజెక్టర్‌లోనే లోపమని అక్కడికక్కడే తేల్చేశావు. ప్రొద్దుటూరు మెకానిక్ రెండు రోజులు తిప్పలు పడినా దొరకనిది అది. ఆర్మీ బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో నేర్చిన పనితనం ఊరికే పోదు. అలాంటివాణ్ణి కంపెనీలు పిలవక ఏం చేస్తాయి?

కానీ నీ సర్వీసు 13 ఏళ్లే. జవానుకు పెన్షన్ రావాలంటే 15 నిండాలి. ఆ రెండేళ్లు ఓర్చుకోలేవా నాయనా?

బ్యారక్‌లో నా పక్క మంచం తాడిపత్రి అతని సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. శక్తిమాన్ అనే పాత ఆర్మీ ట్రక్కు గేర్‌బాక్స్ విప్పి బిగించడంలో మా వర్క్‌షాప్‌లో అతని తర్వాతే ఎవరైనా. బయట ఎవరో రెట్టింపు జీతం ఇస్తామంటే, 15 నిండకముందే సొంత కోరిక మీద డిశ్చార్జి తీసుకున్నాడు. సుబేదార్ సాబ్ ఎంత చెప్పినా వినలేదు. గ్రాట్యుటీ, ఫండ్ డబ్బులతో ఇల్లు కట్టాడు. కొన్నేళ్లు బాగానే గడిచింది. తర్వాత యజమాని షెడ్డు మూసేశాడు. ఇంకోచోటికి పోతే ఐటీఐ సర్టిఫికెట్ ఏదన్నారు. చేతిలో పని ఉంది, కాగితం లేదు.

అంతలో వాళ్ల ఆవిడకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. సాయం ఏదైనా దొరుకుతుందేమోనని నన్ను వెంటబెట్టుకుని సైనిక సంక్షేమ ఆఫీసుకు పోయాడు. అక్కడి గుమాస్తా డిశ్చార్జి బుక్కు తిరగేసి ఒక వరుస మీద వేలు పెట్టాడు. సొంత కోరిక, పెన్షన్ లేదు. అంటే రూలు ప్రకారం మాజీ సైనికుడే కాదు. మాజీ సైనికుల కుటుంబాలకిచ్చే ఈసీహెచ్ఎస్ వైద్యం లేదు, ఉద్యోగాల్లో కోటా లేదు. రెండెకరాల చీనీ (బత్తాయి) తోట అమ్మాడు. అయినా ఆమె దక్కలేదు. బస్టాండులో నా చెయ్యి పట్టుకుని ఆయన ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది.

జీతం రెట్టింపని ఎగురుతున్నావు. అక్కకు షుగర్ ఉంది, నీ బిడ్డకు ఇంకా పాలపళ్లే ఊడలేదు. వాళ్లు బతికినంత కాలం వైద్యానికి ఏ కంపెనీ పూచీ పడుతుంది? 2022 నుంచి చేరుతున్న అగ్నివీర్ పిల్లలకు నాలుగేళ్లే సర్వీసు, ఆ తర్వాత నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. పాపం, ఉందామన్నా అది వాళ్ల చేతిలో లేదు. నీ చేతిలో ఉంది. తిడుతున్నానని అనుకోకు. నాకు కొడుకులు లేరు, నువ్వే.

ఈ రెండేళ్లలో చేయాల్సినవి నీకు తెలిసినవే. ట్రేడ్ సర్టిఫికెట్లన్నీ చేతిలో పెట్టుకో, సివిల్ లైసెన్సు తీసుకో, రిటైర్మెంట్ దగ్గరపడ్డాక, బయటి ఉద్యోగాలకు సైనికుల్ని తయారుచేసే డీజీఆర్ కోర్సుకు పేరివ్వు. వీలుంటే ఎలక్ట్రిక్ బండ్ల పని నేర్చుకో, ఇకమీదట గిరాకీ దానికే.

నీ పనితనం నచ్చిన కంపెనీ అయితే రెండేళ్ల తర్వాతా పిలుస్తుంది. అడిగి చూడు. వాళ్లిచ్చిన ఆఫర్ లెటర్ వాట్సాప్‌లో పంపు, ప్రతి వరుసా నేను చదవాలి. అప్పటిదాకా డిశ్చార్జి దరఖాస్తు మీద సంతకం పెట్టొద్దు.

మీ మామ