టార్చిలో వెన్నెల

సందేహం: ఊళ్ళో ఉన్న నాన్నగారికి వేలెడంత టార్చి ఒకటి కొని పంపాను. దానితో వచ్చిన తెలుగు కాగితంలో ‘దూలం దూరం 100 మీటర్లు’ అనీ, ‘ప్రకాశ రీతులు: చంద్రకాంతి, తక్కువ, మధ్యమ, అధిక, టర్బో’ అనీ ఉంది. దూలమేమిటని నాన్నగారు అడిగితే చెప్పలేకపోయాను. ఇంగ్లీషు బీమ్‌ను అలా తెలిగించారు కాబోలు. బీమ్ అన్నమాటకు కిరణం అనాలా, కాంతిపుంజం అనాలా? వెలుగు, వెలుతురు రెండూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ నాన్నగారు అడిగి ఊరుకున్నారు. నేనైతే ఆ కాగితం రాసినవారిని ఇంటికి పిలిచి, పైకప్పు చూపించి, దూలమంటే ఇదీ అని చెప్పి పంపేవాణ్ణి. ఇంగ్లీషువారికి బీమ్ మొదట చెట్టు. జర్మనులకు బౌమ్ ఇప్పటికీ చెట్టే. చెట్టు దూలమైంది, ఆ తరువాత ఆ మాటే వెలుగుకూ పాకింది. ఆ ప్రయాణమంతా వాళ్ళ భాషలో జరిగింది. మన దూలం మాత్రం ఇల్లు దాటి ఎక్కడికీ పోలేదు.

ముందు మీ చివరి ప్రశ్న తీసుకుంటాను, నాకు ఇష్టమైనది అదే కనుక. వెలుగు, వెలుతురు ఒకటి కావు. దీపం వెలుగుతుంది. దీపం వెలుతురుతుందని ఏ పిల్లవాడూ అనడు. గాలీ వెలుతురూ లేని గది అంటాం, చదువుకోవడానికి వెలుతురు చాలడం లేదంటాం. మనవడు ఊరినుంచి వచ్చాడని తెలిస్తే తాతగారి కళ్ళలో కనిపించేది వెలుగే, వెలుతురు కాదు. అంటే వెలుగు దీపం దగ్గరది, వెలుతురు మన దగ్గరికి వచ్చి చేరినది. ఈ తేడా చెప్పడానికి టార్చిలవాళ్ళు ల్యూమెన్, లక్స్ అని రెండు లాటిన్ మాటలు తెచ్చుకున్నారు. దీపం మొత్తంగా ఎంత వెలుగు విడుస్తుందో ల్యూమెన్లు చెబుతాయి. చదరపు మీటరు మేర ఎంత వెలుతురు పడుతోందో లక్స్ చెబుతుంది. లాటిన్‌లో ఆ రెండింటికీ వెలుగనే అర్థం, తేడా శాస్త్రజ్ఞులు పెట్టినది. మన ఇళ్ళలో ఎవరూ పెట్టకుండానే ఉంది. పాత కావ్యాలలో ఈ రెంటినీ కలిపేసిన చోట్లు చూపించి నన్ను ఇరుకున పెట్టవచ్చు. నేను చెబుతున్నది వాడుక సంగతి.

ఈ రెండు మాటలకూ మూలం ‘వెల్’. అంటే తెలుపు. వెలిగొడుగు తెల్లగొడుగు, వెలిదామర తెల్లతామర. గోడకు వేసే వెల్ల, వంటింటి వెల్లుల్లి, పెట్టెలోని వెండి, భయంతో వెలవెలబోయే ముఖం, అన్నీ ఆ ఇంటివే. తమిళులు వెండిని వెళ్ళి అంటారు. శుక్రుడూ వాళ్ళకు వెళ్ళే, అందుకే శుక్రవారం వెళ్ళిక్కిళమై. వెలుతురు వాళ్ళకు వెళిచ్చం. కన్నడిగులు వకారాన్ని బకారం చేసి బెళ్ళి, బెళకు, బెళ్ళుళ్ళి అన్నారు. ఇంతమంది బంధువులలో నాకు అందరికంటే ముద్దు వెన్నెల. నెల అంటే చందమామ, వెన్నెల అంటే తెల్లని చందమామ. కన్నడిగుల బెళదింగళు కూడా అచ్చంగా ఇలాగే కట్టిన మాట, వాళ్ళకు తింగళు చందమామ. చందమామ పేరే ఆయన కురిపించే వెలుతురుకు కూడా పెట్టి, పండువెన్నెల, గుడ్డివెన్నెల అని దానిలో తరతమాలు కూడా చూసుకున్న భాష మనది. అటువంటి భాషలో చంద్రకాంతి రీతి అట! చంద్రకాంత అనగానే నాకు సాయంత్రం పూచే పువ్వూ, పెసరపప్పుతో చేసే మిఠాయీ గుర్తుకు వస్తాయి. ఆ మాటకొస్తే కాంతికి మొదటి అర్థం సొగసు, కాంత పుట్టిన ధాతువులోనే పుట్టింది. (పొలం చుట్టూ ముళ్ళకంపతో కట్టే వెలుగు వేరే మాట. తమిళుల వేలి, కన్నడిగుల బేలి దాని చుట్టాలు. ధర అనే అర్థంలోని వెలకూ తెలుపు అనే ‘వెల్’తో పని లేదు.)

తెలుపునుంచి వెలుగు పుట్టడం మన ఒక్కరి సొత్తు కాదు. లాటిన్‌లో కాండేరే అంటే తెల్లగా మెరవడం. దానినుంచి కొవ్వొత్తి పేరు క్యాండిలా వచ్చింది, టార్చి వెలుగు ఒక దిక్కున ఎంత గట్టిగా పోతుందో కొలిచే కొలత కూడా అదే. సంస్కృతంలోని చంద్ర శబ్దం ఆ కాండేరేకు తోబుట్టువు. కాబట్టి మీ టార్చి పెట్టెమీద క్యాండిలా అని ఉంటే అక్కడ చంద్రుడు ముందే ఉన్నాడు.

ఇంతకీ ఆ 100 మీటర్ల సంగతి. 2009లో అమెరికాలో ఎఫ్ఎల్-1 అనే ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం టార్చి దూరం అంటే దాని వెలుతురు పావు లక్స్‌కు పలచబడే చోటు. పావు లక్స్ అంటే సుమారుగా నిర్మలమైన ఆకాశంలో నిండుచంద్రుడి వెన్నెల! 100 మీటర్లకు 2,500 క్యాండిలాలు కావాలి, 200 మీటర్లకు రెట్టింపు చాలదు, 10,000 కావాలి. ఈ లెక్క మీ నాన్నగారికి చెప్పండి. వంద మీటర్ల అవతల గట్టుమీద ఉన్నది తాడో పామో తేల్చుకోవచ్చని దాని అర్థం కాదు, అక్కడ వెన్నెలపాటి వెలుతురు ఉంటుందని మాత్రమే. చంద్రకాంతి అని రాసిన ఆ అడుగు మెట్టు ఇంకో సంగతి. అక్కడ టార్చి ఒక ల్యూమెన్‌కు అటూ ఇటుగా మాత్రమే వెలుగుతుంది, పక్కవాళ్ళ నిద్ర చెడకుండా మంచినీళ్ళ చెంబు వెతుక్కోవడానికి. దాన్ని గుడ్డివెన్నెల అనాలనిపిస్తుంది. వెన్నెల అన్నా తప్పు పట్టను.

మిగిలిన మెట్లకు తక్కువ, మధ్యమ, అధిక అని లెక్కల పుస్తకం తెరవనక్కరలేదు. లాంతరు ఉన్న రోజులలో దీపం చిన్నది చెయ్యి, పెద్దది చెయ్యి అనేవాళ్ళం. అవే చాలు. టర్బో అంటే లాటిన్‌లో సుడిగాలి, బొంగరం. వెలుగుకు బొంగరంతో పనేమిటో నాకు తెలియదు. మన ఆడవాళ్ళు దీపం వత్తిని ‘ఎగదోసేవారు’. మరీ ఎగదోస్తే చిమ్నీ మసిబారేది, వెంటనే తగ్గించేవారు. టర్బో కూడా అంతే, కొద్దిసేపటికే టార్చి వేడెక్కి తనంతట తానే తగ్గిపోతుంది. ‘ఎగదోత’ అంటే నవ్వుతారేమో, నవ్వనివ్వండి.

ఇక బీమ్. కిరణం ఒంటి గీత, దానికి సరిపోదు. పుంజమంటే సంస్కృతంలో పోగు, కుప్ప. వెలుగును కుప్ప పోయడమేమిటని చాలాకాలం విసుక్కున్నాను. తరువాత నేతవారి పుంజం గుర్తుకు వచ్చింది. వాళ్ళకు అది పడుగులోని, అంటే మగ్గం మీద నిలువుగా సాగదీసిన, నూలుపోగుల లెక్క. ఉత్తర సర్కారుల బట్టలను ఈస్టిండియా కుంఫిణీ వర్తకులు పుంజాల లెక్కనే రకాలుగా విడదీసుకున్నారు. పక్కపక్కనే బిగువుగా సాగిన పోగుల వరుస! భౌతికశాస్త్రంలో సమాంతర కాంతిపుంజం బొమ్మ అచ్చంగా పడుగులాగే ఉంటుంది. పాఠ్యపుస్తకం రాసినవారు మగ్గాన్ని తలచుకునే ఆ మాట పెట్టారని నేను అనను. అయినా అప్పటినుంచి పుంజాన్ని తిట్టడం మానేశాను. పాఠాలలో ఉండనివ్వండి. టార్చి కాగితం మీద మాత్రం ‘వెలుగు పడే దూరం’ అంటే సరిపోతుంది, అసలు నామవాచకమే అక్కరలేదు. గోడమీద వేసినప్పుడు నడుమ చిక్కగా కనిపించేదాన్ని నేను బొట్టు అంటున్నాను. ఇంతకంటే మంచి మాట మీ నాన్నగారి నోట వస్తే నాకు రాయండి.