షీట్లు కొనే ముందు చెవి పెట్టు

చిరంజీవి చిన్నాకి, బాబాయి ఆశీస్సులు.

ముచ్చటపడి పాత స్పోర్ట్స్ కారు కొన్నావు, సంతోషం. హైవే ఎక్కితే పక్కసీట్లో ఉన్నవాళ్లతో అరిచి మాట్లాడాల్సి వస్తోందని, ఫ్లోరంతా డ్యాంపింగ్ షీట్లు (రేకు వణుకు తగ్గించడానికి అంటించేవి) వేసేస్తానని రాశావు. కాస్త ఆగు. నేను సరిగ్గా ఆ పనే చేసి నడుం పట్టేసుకున్నాను.

నా కారుకి తివాచీ మొత్తం పీకి, నాలుగు ఆదివారాలు కూర్చుని, ఖాళీ కనిపించిన ప్రతిచోటా షీటు అంటించాను. తీరా రోడ్డెక్కితే తలుపు వేసినప్పుడు ‘దబ్’మని గంభీరంగా శబ్దం వచ్చింది గానీ, లోపలి మోత ఇంచుమించు అంతే ఉంది. కొన్నాళ్లకి గేరు మారుస్తుంటే మణికట్టుకి వేడిగాలి తగిలింది. పైన ఉన్న తోలు తొడుగు ఎత్తి చూశాను. దాని కింద ఉండాల్సిన రబ్బరు బూటు నిలువునా చిరిగిపోయి, ఆ సందులోంచి కింద నేల మీది వెలుతురు కనిపిస్తోంది! అరచేయంత రబ్బరు ముక్క మార్చాక తగ్గినంత మోత, నేను కారుకెక్కించిన పాతిక కిలోల షీట్లతో తగ్గలేదు.

చప్పుడు నీళ్లలాంటిది, సందు దొరికితే చాలు దూరిపోతుంది. అడ్డుగోడలో నూటికి ఒక వంతు రంధ్రం ఉంటే, మిగతాది ఎంత మందంగా కట్టినా అది 20 డెసిబెల్స్‌కి మించి ఆపలేదు. అందుకే ముందు సందులు వెతుకు. ఫైర్‌వాల్‌లో, అంటే ఇంజన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే రేకు గోడలో, వైర్లు, కేబుళ్లు దూరే చోట ఉండే గ్రోమెట్లు (రబ్బరు రింగులు) ఎండి పగిలి ఉంటాయి. స్టీరింగ్ రాడ్డు కిందకి దిగే చోట, డిక్కీ అంచుల దగ్గర కూడా చూడు. చప్పుడు వచ్చే దారిలోనే పొగ కూడా వస్తుంది. ఆ పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు కాబట్టి, సైలెన్సర్ పైపు ఎక్కడైనా లీకవుతుంటే మిగతా పనులన్నీ పక్కనపెట్టి ముందు అది బాగుచేయించు.

ఇంతకీ నీ కారులో ఏది మోగుతోందో తెలియాలిగా. ఖాళీ రోడ్డు చూసుకుని, ఒకే వేగం మీద వెళ్తూ క్లచ్ నొక్కి ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) పడిపోనివ్వు. ఇంజన్ మాత్రం ఆపకు, బ్రేకు పెడల్ గట్టిపడి నొక్కడం కష్టమవుతుంది. ఆర్‌పీఎంతో పాటు మోత తగ్గితే అది ఇంజన్‌దో సైలెన్సర్‌దో. తగ్గకపోతే టైర్లు, గాలి, బేరింగులు. మలుపు తిరిగేటప్పుడు గుయ్‌మనే శబ్దం పెరిగి, రెండోవైపు తిప్పితే తగ్గుతోందా, అయితే వీల్ బేరింగ్‌ని అనుమానించు. ఎడమకి తిరిగేటప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది, కాబట్టి అప్పుడు పెరిగితే సాధారణంగా కుడివైపుది పోయినట్టు.

టైర్ల విషయంలో చాలామంది అరుగుదల చూస్తారే గానీ వయసు చూడరు. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని అర్థం. పాత స్పోర్ట్స్ కార్లు ఏడాదికి కాసింతే తిరుగుతాయి కాబట్టి పైకి కొత్తగా కనిపిస్తూనే రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. అరచేత్తో టైరు మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నిమిరి చూడు. ఒకవైపు నునుపుగా, ఇంకోవైపు రంపంలా తగిలితే మోత సగం అక్కడిదే. ఎగుడుదిగుడుగా గుంటలు పడి ఉంటే షాక్ అబ్జార్బర్లు కూడా చూపించు, లేకపోతే కొత్త టైర్లు కూడా అలాగే పాడవుతాయి.

గాలి హోరుకి మాస్కింగ్ టేపు చాలు. కిటికీ అంచు, సైడ్ మిర్రర్ అడుగుభాగం, పైకప్పు అతుకు, ఒక్కో చోట అంటిస్తూ ఒక్కోసారి తిరిగిరా. ఎక్కడ అంటించినప్పుడు హోరు తగ్గిందో దొంగ అక్కడే ఉన్నాడు. డోర్ రబ్బరుకి ఇంకా సులువైన పరీక్ష ఉంది. కాగితం ముక్క మధ్యలో పెట్టి తలుపు వేసి లాగు. బిగుతుగా రావాలి, జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు చచ్చిపోయినట్టే. నీ కారులాగా ఫ్రేము లేని అద్దాలైతే, రబ్బరు మంచిదైనా అద్దం ఒక మిల్లీమీటరు బయటికి వాలి ఉండొచ్చు, లోపల సర్దే బోల్టులుంటాయి. రబ్బరుకి సిలికాన్ గ్రీజు రాయి, పెట్రోలియం గ్రీజు రాస్తే ఉబ్బిపోతుంది.

ఇవన్నీ అయ్యాక, అప్పటికీ అవసరమనిపిస్తే, షీట్లు. బ్యూటైల్ (ఒక రకం రబ్బరు) షీటు చప్పుడుని ఆపదు, రేకు వణుకుని తగ్గిస్తుంది, అంతే. కాబట్టి రేకు అంతా కప్పక్కర్లేదు. మధ్యలో పావు వంతు అంటించినా చాలావరకు పని జరుగుతుంది. వేలితో కొట్టి చూడు, డప్పులా మోగేచోట వెయ్యి, ‘టక్’ అని ఆగిపోయేచోట వదిలెయ్యి. తారుతో చేసిన చవక షీట్లు ఎండకి వాసనేస్తాయి, జోలికి వెళ్లకు. రోడ్డు హోరుని అడ్డుకోవాలంటే బరువైన వినైల్ పొర కావాలి, దాని కింద ఫోము ఉండాలి, సందు లేకుండా పరవాలి. చదరపు మీటరుకి 5 కిలోల దాకా తూగుతుంది. తేలికదనం కోసమే కట్టిన కారుకి అంత బరువు ఎక్కించాలా అన్నది నువ్వే ఆలోచించుకో. నేనైతే సీట్ల వెనక భాగానికి మాత్రమే వేస్తాను. 1987లో వచ్చిన ఫెరారీ ఎఫ్40లో తివాచీ కూడా లేదు, తలుపు తీయడానికి లోపల ఓ కేబులు ఉంటుంది. అదంతా బరువు తగ్గించడానికే.

తలుపుల్లో నీళ్లు దిగుతాయని మరిచిపోకు. అడుగున ఉన్న రంధ్రాలు మూయకు, నీళ్లు పీల్చే ఫోము పెట్టకు. తివాచీ తీసినప్పుడు కింద తడి ఉంటే, ముందు ఆ నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో కనిపెట్టు, తుప్పు మీద షీటు వేస్తే అది లోలోపలే తినేస్తుంది. సీట్లలో ఎయిర్‌బ్యాగు వైర్లుంటే బ్యాటరీ తీసి, కాసేపాగి, అప్పుడే ముట్టుకో.

ఇంకో మాట, పెద్ద మోత తగ్గగానే చిన్నవి బయటపడతాయి. నాకు టిక్ టిక్ మని మూడు నెలలు ప్రాణం తీసింది. చివరికి చూస్తే వాడని సీటుబెల్టు బకిల్ ప్లాస్టిక్‌కి కొట్టుకుంటోంది. ఇంజన్ మోత మాత్రం మరీ తగ్గించేయకు, దాని కోసమే కదా కొన్నావు!

శనివారం కాగితం పరీక్ష చేసి, రెండు తలుపుల బొమ్మ గీసి, ఎక్కడెక్కడ జారిందో గుర్తుపెట్టి పంపు. డోర్ ప్యానెల్ విప్పేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉన్నా నాలుగైదు క్లిప్పులు విరుగుతాయి, అవి ముందే తెప్పించి పెట్టుకో.

మీ బాబాయి