ఆ రాత్రే ఎండోస్కోపీ ఎందుకు చేయలేదు?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది పర్లాకిమిడి. మా నాన్నగారికి 68 ఏళ్లు. గుండె జబ్బేమీ లేదు. మోకాళ్ల నొప్పులకి మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ బిళ్లలు తెచ్చుకుని వేసుకునేవారు. పోయిన నెల రెండు రోజులు విరేచనం తారులా నల్లగా అయి, కళ్లు తిరిగి పడిపోయారు. రాత్రికి రాత్రే బరంపురం తీసుకెళ్లాం. సెలైన్ పెట్టి, గంటగంటకీ బీపీ చూశారు గానీ ఎండోస్కోపీ, అదే నోట్లోంచి గొట్టం వేసి కడుపు లోపల చూసే పరీక్ష, తెల్లారాకే అన్నారు. హిమోగ్లోబిన్ 8.2 ఉన్నా రక్తం ఎక్కించలేదు. కడుపులో పుండని తేలింది. ఇప్పుడు బాగున్నారు. కానీ ఆ రాత్రి మమ్మల్ని పట్టించుకోలేదన్న బాధ పోవడం లేదు.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, వార్డు బయట కూర్చుని మీరు పడ్డ టెన్షన్ నాకు అర్థమవుతోంది. కానీ మీరు రాసినదాన్ని బట్టి అది నిర్లక్ష్యం కాదు. ఆ తారులాంటి నల్ల విరేచనం, కడుపులో పుండు నుంచి రక్తం కారడం వల్ల అయిందే.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు గుణుపురం నుంచి ఒక ముసలాయనను ఇలాగే తీసుకొచ్చారు. హిమోగ్లోబిన్ 11 ఉందని నేను ధైర్యంగా ఉన్నాను. మా సీనియర్ వచ్చి ముందు ఆయన చెయ్యి పట్టుకున్నారు. అరచెయ్యి చల్లగా, చెమటతో తడిగా ఉంది. నాడి 120 కొడుతోంది. అంటే రక్తం అప్పటికే చాలా పోయిందన్నమాట. రక్తం పోయేటప్పుడు నీరూ కణాలూ కలిసే పోతాయి కాబట్టి హిమోగ్లోబిన్ పడిపోవడానికి కొన్ని గంటలు పడుతుంది. అప్పట్నుంచి రిపోర్టు కంటే ముందు చెయ్యే చూస్తాను. మీ నాన్నగారికి ఆ గంటగంట బీపీ, ఆ సెలైనే మొదటి వైద్యం.

బీపీ నిలబడ్డ మనిషికి ఎండోస్కోపీ 24 గంటల్లోగా చేస్తే సరిపోతుంది. 2020లో వచ్చిన హాంకాంగ్ అధ్యయనంలో 6 గంటల్లోపే చేసినా అదనంగా ప్రాణాలు దక్కలేదు. బీపీ నిలబడకపోయినా, లివర్ జబ్బున్నవాళ్లు రక్తం కక్కుకున్నా అంతసేపు ఆగరు. రక్తం కూడా, గుండె జబ్బు లేనివాళ్లకి సాధారణంగా హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితేనే ఎక్కిస్తారు. 2013లో వచ్చిన బార్సిలోనా అధ్యయనంలో ఇలా ఆచితూచి ఎక్కించిన గుంపులోనే ఎక్కువమంది బతికారు.

నన్ను బాధపెట్టేది ఆ షాపు బిళ్లలమ్మా. అలాంటి నొప్పి బిళ్లలు కడుపులో పుండు పుట్టించగలవు. డైక్లోఫెనాక్ ఇక వద్దు, వేరే పేరుతో అదే జాతి నొప్పి బిళ్లా వద్దు. మోకాళ్లకి ఏం వాడాలో డాక్టర్నే అడగండి. హెచ్. పైలోరీ పరీక్ష చేశారేమో డిశ్చార్జి కాగితంలో చూడండి. పుండు పుట్టించే ఆ బ్యాక్టీరియా, రక్తం కారుతున్నప్పుడు చేసిన పరీక్షలో ఒక్కోసారి దొరకదు. లేదని రాసి ఉంటే మళ్లీ ఎప్పుడు చేయించాలో, దానికి ముందు గ్యాస్ బిళ్లలు ఎన్నాళ్లు ఆపాలో వాళ్లనే అడిగి తెలుసుకోండి.