టెక్ సందేహాలు: తొట్టిలో గుట్ట ఎందుకు మొలిచింది?

ప్రశ్న: ముంబైలో ఆర్కిటెక్చర్ చదువుతున్నాను. కన్హేరి బౌద్ధ గుహల నీటితొట్లను ఫోన్‌తో ఫొటోలు తీసి, ఒక యాప్‌లో త్రీడీ మోడల్ చేశాను. నీళ్లున్నచోట గుట్టలా ఉబ్బింది, రాతిమీది సన్నకాలువలు మాయమయ్యాయి. తొట్టిలో ఎన్ని నీళ్లు పట్టేవో ఈ మోడల్‌తో లెక్కగట్టొచ్చా? సెలవుల్లో మా ఊరి గుట్టమీది పాత తొట్టిని కూడా ఇలాగే చేసి అప్‌లోడ్ చేశాను.

జవాబు: ఇలాంటి మోడళ్లు నాకు తరచూ వస్తున్నాయమ్మా. ఫొటోలన్నిటిలో కదలని గుర్తులను పోల్చుకుంటేనే యాప్ ఆకారం కట్టగలదు. నీటిమీది మెరుపు మనం కదిలినప్పుడల్లా కదులుతుంది, అందుకే ఆ గుట్ట. కాలువలు పోవడానికి కారణం వేరు. ‘నునుపు’ చేసే ఆప్షన్ వేలెడు లోతు గాడిని కూడా లోపం అనుకొని పూడ్చేస్తుంది. దాన్ని అడగకుండానే ఆన్‌లో ఉంచే యాప్‌లంటే నాకు ఒళ్లుమంట. వానాకాలం నీళ్లను తొట్లలోకి చేర్చింది ఆ గాడులే కదా! అక్కడి శాసనాల్లో దాతలు గుహతోపాటు ‘పొఢి’, అంటే నీటితొట్టి, ఇచ్చామని చెక్కించుకున్నారు. అంత విలువైన నీటి దారిని ఒక్క ట్యాప్‌తో చెరిపేస్తే ఎలా?

నునుపు, ఖాళీలు పూడ్చడం రెండూ ఆపేసి, మబ్బు పట్టిన రోజు, తొట్టి ఎండినప్పుడు మళ్లీ తీయండి. పక్కన కొలబద్ద పెట్టండి. వాలు మాత్రం మోడల్‌ని నమ్మి చెప్పకండి, మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో రెండు చివర్లా మట్టం చూడండి. చాలా తొట్లకు మూతి చిన్నది, లోపల విశాలం. పైనుంచి తీసిన ఫొటోలకు ఆ లోపలి భాగం అందదు కాబట్టి ఇప్పటి మోడల్‌తో లీటర్లు లెక్కగట్టొద్దు.

నాకు అసలు టెన్షన్ మీ ఊరి తొట్టి గురించే. కన్హేరికి కాపలా ఉంది, మీ గుట్టకు ఎవరున్నారు? ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఫొటోల ఫైళ్లలో అవి తీసిన చోటి అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. కొన్ని యాప్‌లు వాటిని మోడల్‌తోపాటే పబ్లిక్‌గా పెట్టేస్తాయి. గుప్తనిధుల కోసం పాత కట్టడాలను తవ్వేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? అదే ఆల్బమ్‌లో మీ ఇంటి ముందు తీసిన ఫొటో ఉంటే మీ అడ్రస్ కూడా ఇచ్చినట్టే. ఆ మోడల్‌ను ఈరోజే తొలగించండి. ‘ప్రైవేట్’ చేసి ఊరుకోకండి. తొలగించినా అప్పటికే దించుకున్నవాళ్లు ఉండొచ్చు, అందుకే ఆలస్యం వద్దు. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి. పాత ఫొటోల కాపీల్లోంచి లొకేషన్ తీసేశాకే మళ్లీ అప్‌లోడ్ చేయండి. ఒరిజినల్స్ మాత్రం మీ హార్డ్ డిస్కులో ఉంచుకోండి, పురావస్తు శాఖకు ఆ తొట్టి సంగతి చెప్పేటప్పుడు అవే పనికొస్తాయి.